జులూ నశ్యపు చెంచా: విరిగిన పాతదాన్ని అతకాలా, కొత్తది చెక్కాలా?

ప్రశ్న: డర్బన్ వడ్రంగం

అందరికీ నమస్కారం. నేను ఉద్యోగరీత్యా దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్ రాష్ట్రంలో, డర్బన్ నగర శివారున ఉంటున్నాను. తీరిక దొరికినప్పుడు చెక్కతో చిన్న గరిటెలు, దువ్వెనలు, కుంకుమ భరిణెలు చెక్కుతుంటాను. మా పక్క ఇంట్లో ఒక జులూ కుటుంబం ఉంది. ఆ ఇంటి పెద్దావిడను వీధిలో అందరూ గోగో అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. ఆమెకు తల్లి నుంచి వచ్చిన నశ్యపు చెంచా ఒకటి ఉంది. జులూలు దాన్ని ఇన్‌చెంగులా అంటారు. అది ఈ మధ్య విరిగింది. నేను చెక్కపని చేస్తానని తెలిసి, బాగుచేయగలనేమో చూడమని ఆమె దాన్ని నా చేతికి ఇచ్చారు.

వస్తువు ఎలా ఉందో చెబుతాను. ఎముకతో చేసినది. పొడవు జానెడుకు కాస్త తక్కువ. ఒక చివర చిటికెనవేలి గోరంత గుంట ఉంది, రెండో చివర దువ్వెనకు ఉన్నట్టు మూడు పొడవాటి పళ్లు ఉన్నాయి. వాడనప్పుడు జుట్టులో గుచ్చుకోవడానికే ఆ పళ్లు. కాడ మీద వరుసగా చిన్న త్రికోణాలు గీసి, వాటిలో నల్లరంగు నింపారు. ఏళ్ల తరబడి చేతులు, తలనూనె తగలడం వల్ల ఎముక తేనెరంగుకు తిరిగింది, గుంట అంచు మాత్రం అరిగి పలచబడింది. నడిమి పన్ను మొదలంటా విరిగిపోయింది. విరిగిన ముక్క కూడా ఆమె దాచి ఉంచారు.

గోగో పొగాకు నశ్యాన్ని రోజూ పీల్చే మనిషి కాదు. ఇంట్లో పెద్దలను తలచుకునే సందర్భాల్లో ఇంఫెఫో అనే ఎండు మూలికను పొగవేసి, నేలమీద కొంచెం నశ్యం ఉంచి, తానూ ఒక చెంచా పీల్చి, ఆ తరవాత పితృదేవతలతో మాట్లాడతారు. అందువల్ల ఈ చెంచా ఆమెకు పూజాసామగ్రితో సమానం. తొందరపడి జిగురు పూసి దాన్ని పాడుచేయడం నాకు ఇష్టం లేదు.

నాకు తెలియవలసినవి ఇవి. పాతదాన్ని అతికితే అది మళ్లీ వాడకానికి నిలుస్తుందా? కొత్తది చెక్కి ఇవ్వడమే మంచిదైతే ఏ ఎముక తీసుకోవాలి, దాన్ని ఎలా శుభ్రం చేయాలి? చెక్కతో చేస్తే ఏమైనా లోపం ఉంటుందా? మా ఇంట్లో శాకాహారులున్నారు కనుక వంటింట్లో ఎముక ఉడికించే ప్రసక్తే లేదు. అదీ దృష్టిలో ఉంచుకుని అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరని కోరుతున్నాను.

జవాబు 1: పాతవస్తువుల సంరక్షణ

డర్బన్ వడ్రంగం గారికి నమస్కారం. ముందుగా పాత చెంచా గురించి మాత్రమే రాస్తాను, చెక్కడం గురించి నాకంటె బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు.

మొట్టమొదట చేయవలసిన పని, అది ఎముకేనా లేక దంతమా అని నిర్ధారించుకోవడం. పగటి వెలుతురులో భూతద్దంతో చూడండి. ఎముక అయితే రక్తనాళాలు నడిచిన సన్నని రంధ్రాలు పొడవునా చిన్న నల్లని గీతల్లాగా, అడ్డంగా కోసిన చోట చుక్కల్లాగా కనిపిస్తాయి. ఏనుగుదంతంలో ఇవి ఉండవు, అడ్డకోతలో ఒకదానినొకటి ఖండించుకునే వంపుగీతల వల ఉంటుంది. జులూ చెంచాల్లో ఎక్కువభాగం ఎముకవే అయినా దంతంతో చేసినవీ ఉన్నాయి. ఒకవేళ దంతమని తేలితే, అనుమతి పత్రాలు లేకుండా దాన్ని దేశం దాటించకూడదు. ఏనుగుదంతం అంతర్జాతీయ వ్యాపారం మీద 1989లో నిషేధ నిర్ణయం వెలువడింది. బాగుచేయించడానికని భారతదేశానికి తెచ్చే ఆలోచన ఉంటే మాత్రం ముందు ఈ సంగతి తేల్చుకోవాలి.

రెండోది, దాన్ని నీళ్లలో నానబెట్టకండి, సబ్బుతో కడగకండి. పాత ఎముక తడిని పీల్చి ఉబ్బుతుంది, ఆరేటప్పుడు పొడవునా చీలుతుంది. మెత్తటి కుంచెతో దుమ్ము దులపడంతో సరిపెట్టండి. ఆ తేనెరంగును మురికి అనుకుని తెల్లబరచాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ రంగు పోతే వస్తువు చరిత్ర కూడా పోయినట్టే.

ఇక అతకడం. మ్యూజియాల్లో ఇలాంటి పనికి పారలాయిడ్ బి-72 అనే పారదర్శకమైన జిగురు వాడతారు. దీన్ని అసిటోన్‌లో కరిగించి పూస్తారు, ఎప్పుడైనా విడదీయవలసి వస్తే మళ్లీ అసిటోన్‌తోనే కరిగి వచ్చేస్తుంది. బజారులో దొరికే తక్షణ జిగుర్లు, రెండు గొట్టాల ఎపాక్సీ అలా కావు, ఒకసారి పట్టుకుంటే వాటిని వదిలించే ప్రయత్నంలో ఎముక పైపొర ఊడివస్తుంది. పారలాయిడ్‌తో అతికిన పన్ను చూడటానికి నిలుస్తుంది గాని, జుట్టులో గుచ్చి తీసే ఒత్తిడికి ఆగదు. కాబట్టి నా అభిప్రాయం స్పష్టం. పాతదాన్ని అతికి దాచుకోనివ్వండి, వాడకానికి కొత్తది చేసి ఇవ్వండి. అయితే పూజకు వాడే వస్తువు గనుక, విరిగినదాన్ని అతకడం వారి ఆచారంలో సమ్మతమేనా అనేది ఆమెనే అడిగి తెలుసుకోవాలి.

జవాబు 2: కొమ్ముపని విశాఖ

నమస్కారమండి. మా పెద్దలు కొమ్ముపనివారు. విశాఖపట్నంలో కంపెనీ దొరల కాలంనాటి నుంచి దంతం, కొమ్ము, తాబేటి చిప్ప పొదిగిన పెట్టెలు తయారయ్యేవి. దంతం పని ఎప్పుడో ఆగిపోయింది. కొమ్ము, ఎముకల మీద చేయి తిరిగినవాళ్లు ఇప్పుడు కొద్దిమందే మిగిలారు. నేను జులూ చెంచాను చేత్తో పట్టుకుని చూడలేదు గాని, మీరు చెప్పిన ఆకారం, ఆ విరిగిన చోటు నాకు కళ్లకు కట్టినట్టే ఉన్నాయి.

ఎముక ఎంపిక దగ్గర మొదలుపెడదాం. పశువు ముందుకాలిలోగాని వెనకకాలిలోగాని, మోకీలుకు గిట్టకు మధ్య నిటారుగా ఉండే ఎముక ఉంటుంది, అదే మీకు కావాలి. దాని గోడ దట్టంగా, ఒకే మందంగా ఉంటుంది, పోగు, అంటే లోపలి నార వరుస, పొడవునా తిన్నగా నడుస్తుంది. పక్కటెముకకు తలకు సరిపడే వంపు సహజంగానే ఉంటుంది గనుక మనసు దాని మీదికి పోతుంది. కాని పక్కటెముక రెండు పలచని రేకుల మధ్య స్పంజిలాంటి పదార్థం. గుంట తవ్వగానే ఆ రంధ్రాలు బయటపడతాయి, వాటిలో నశ్యం ఇరుక్కుని ఎన్నిసార్లు తుడిచినా రాదు. కాలి ఎముకను నిలువునా కోస్తే మూలుగ ఉన్న వైపు కొద్దిగా లోవంపు తిరిగి ఉంటుంది. చెంచా గుంటను ఆ లోవంపులోనే వేసుకుంటే మీ పని సగం తగ్గుతుంది. మూలుగ వైపు ఉన్న గరుకు పొరను మాత్రం గట్టి ఎముక తగిలేదాకా గీకి తీసేయాలి.

పోగు విషయం చాలా ముఖ్యం. పళ్లు ఎప్పుడూ ఎముక పొడవుకే రావాలి. అడ్డంగా వచ్చాయంటే మొదటిరోజే విరుగుతాయి.

శుభ్రం చేసే పనిని ఇంటి వెనక పెరట్లో, ఈ పనికే కేటాయించిన పాత గిన్నెలో, విడి స్టవ్ మీద చేసుకోండి. తనిఖీ అయిన మాంసం అమ్మే కొట్టులోనే ఎముక కొనండి, ఎక్కడో దొరికిన ఎండు ఎముకలు తీసుకోకండి, వాటి వల్ల దొమ్మరోగం లాంటివి అంటుకునే ప్రమాదం ఉంది. రెండు చివరలూ రంపంతో కోసి, మూలుగ తీసేసి, నీళ్లు కుతకుత ఉడకకుండా సన్నసెగ మీద ఉంచండి. బాగా మరిగిస్తే మాంసం త్వరగా ఊడుతుందిగాని, ఎముకకు పట్టునిచ్చే జిగురు కూడా నీళ్లలోకి దిగిపోయి, ఆరాక అది సుద్దముక్కలా పెళుసుబారుతుంది. తరవాత గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం కలిపి నానవేయండి. నీటిమీద జిడ్డు తేలడం ఆగేవరకూ నీళ్లు మారుస్తూ ఉండండి. ఈ దశలో తొందరపడితే కొవ్వు లోపలే ఉండిపోయి, చెంచా పూర్తయ్యాక పసుపు మచ్చలుగా బయటికి ఊరుతుంది, వాసన కూడా వేస్తుంది. తెల్లదనం కావాలంటే మందుల కొట్టులో దొరికే మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఉంచవచ్చు. బట్టలకు వాడే క్లోరిన్ బ్లీచు మాత్రం ఎముకను తినేస్తుంది, అది వద్దు. చివరికి నీడలో, గాలి తగిలే చోట నిదానంగా ఆరనివ్వండి, ఎండలో పెడితే చీలిక తప్పదు.

ఇప్పుడు పళ్ల సంగతి. మీ పాత చెంచా నడిమి పన్ను మొదలంటా విరిగిందన్నారు. పళ్ల మధ్య సందు పైన ఎలా ముగిసిందో ఒకసారి చూడండి. రంపంతో కోసి కొస సూదిగా వదిలేసి ఉంటే, విరగడానికి కారణం అదే. ఒత్తిడంతా ఆ సూదికొస దగ్గర చేరి అక్కడి నుంచే నెర్రె మొదలవుతుంది. కాబట్టి మీరు కొత్తదాని మీద గీత గీసుకున్నాక, సందు ముగియవలసిన చోట ముందుగా గుండ్రని బెజ్జం వేయండి. ఆ తరవాతే సన్న రంపంతో కింది నుంచి ఆ బెజ్జం దాకా కోయండి. సందు పైకొస గుండ్రంగా మిగులుతుంది, అక్కడ నెర్రె పుట్టదు. కొమ్ము దువ్వెనలు చేసేటప్పుడు మేము పాటించే పద్ధతే ఇది. పన్ను మొదట్లో కాస్త మందంగా, కొసకు వచ్చేసరికి సన్నంగా ఉండాలి. కొస మొద్దుగా గుండ్రంగా ఉండాలి, తలకు గుచ్చుకోకూడదు.

రంపం కోత, ఆకురాయి, ఉప్పుకాగితం అన్నీ తడిపి వాడండి. ఎముక పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, తడిపినా సరే మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. ఉప్పుకాగితం రెండువందల నలభై అంకెతో మొదలుపెట్టి, నాలుగువందలు, ఆరువందలు, వెయ్యి దాకా వరుస తప్పకుండా వెళ్లండి. ఒక అంకె గీతలు పూర్తిగా పోయేదాకా తరవాతి అంకెకు వెళ్లకండి. చివర్లో తడిగుడ్డ మీద మెత్తటి సుద్దపొడి వేసి రుద్దితే వచ్చే మెరుపు ఏ వార్నిషూ ఇవ్వలేదు.

చెక్క గురించి అడిగారు. చెక్కతో నిరభ్యంతరంగా చేయవచ్చు, నిజానికి ఎముక ముట్టుకునే ముందు ఒకటి చెక్కతో చేసి చూసుకోమంటాను. మా వైపైతే ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర చెబుతాను, నునుపు దేలే కర్ర అది. మీకు అక్కడ అడవి ఆలివ్ దొరుకుతుంది, గట్టిది, సన్నపోగుది. తంబోటి అనే కర్ర అందంగా ఉంటుందని అక్కడి వడ్రంగులు మెచ్చుకుంటారట గాని, దాని పాలు, పొడి కళ్లకు చర్మానికి మంట పుట్టిస్తాయి. ముక్కుకు ఆనించే వస్తువుకు దాన్ని వాడకండి.

జవాబు 3: బందరు పాఠకుడు

ఈ చర్చ చదువుతుంటే, మనవాళ్లు ఇన్ని తరాలుగా నశ్యం పీల్చినా మనకు నశ్యపు చెంచా ఎందుకు లేకపోయిందన్న ప్రశ్న నాలో మెదిలింది. మా బందరు ఊరి పేరు మీదే నశ్యం ఉండేది. మసులీపటం అన్న పేరుతో ఒకరకం నశ్యం ఇంగ్లండు కొట్లలో మేలురకంగా అమ్ముడుపోయేది. అయినా మన పెద్దలెవరి దగ్గరా చెంచా చూడం. పొడుం డబ్బీ గాని పొడుంకాయ గాని మూత తీసి, చూపుడువేలు బొటనవేలు మధ్య ఒక పట్టు పట్టి, మిగిలినది దులిపి, ముక్కుకు ఆనించి ఒక్క ఎగపీల్పు పీల్చి, పైపంచెతో తుడుచుకోవడమే మన పద్ధతి.

నాకు తోచిన కారణం పాత్ర ఆకారంలో ఉంది. మన డబ్బీ మూతి వెడల్పు, వేళ్లు దూరతాయి. జులూలు నశ్యం దాచుకునేది చిన్న సొరకాయ బుర్రల్లో, కొమ్ముల్లో, రెల్లు గొట్టాల్లో. ఆ గొట్టాలను కుట్టిన చెవితమ్మెల్లో పెట్టుకుని తిరిగేవారు కూడా. అంత సన్నని మూతిలో వేళ్లు పట్టవు, పొడిని అరచేతిలో ఒంపుకుని చెంచాతో ఎత్తుకోవలసిందే. పైగా మన దక్షిణాది నశ్యంలో సున్నంతో పాటు నెయ్యి కూడా కలుపుతారు గనుక వేళ్ల మధ్య అది ముద్దకట్టి నిలుస్తుంది. వాళ్ల పొడి బూడిద కలిసిన పొడిపొడి నశ్యం, పట్టు పడితే సగం జారిపోతుంది.

ఆ బూడిద గురించి ఒక మాట చెప్పాలి. జులూలు ఎండిన కలబంద ఆకులను కాల్చి, ఆ బూడిదను పొగాకుతో కలిపి రాతి మీద నూరతారు. మనవాళ్లు కలిపే సున్నం, వాళ్లు కలిపే బూడిద చేసే పని ఒక్కటే. రెండూ క్షారాలు. పొగాకు ఆకులో నికోటిన్ ఆమ్లంతో కలిసి లవణరూపంలో ఉంటుంది, క్షారం తగిలితే విడివడి ముక్కులోని పొరగుండా చప్పున రక్తంలోకి చేరుతుంది. కనుకనే గుంట చిటికెనవేలి గోరంత చాలు, అంతకంటె పెద్దది చేయడం పీల్చేవారికి మేలు కాదు. నశ్యం కూడా పొగాకే, దానికీ మనిషి బానిస అవుతాడు, ముక్కులోని పొర దెబ్బతింటుంది. ఆ పెద్దావిడలాగా కార్యాలకు మాత్రమే వాడేవారి సంగతి వేరు. రోజుకు పదిసార్లు పీల్చేవారి కోసం ఎవరైనా ఈ చర్చ చూసి పెద్ద గుంటలు చెక్కకూడదని ఇది రాస్తున్నాను.

జవాబు 4: బుడ్డీల సేకరణ, హైదరాబాదు

బందరు పాఠకుడు గారు పాత్ర మూతి గురించి చెప్పినదానికి చైనా నశ్యపు బుడ్డీలు మంచి సాక్ష్యం. ఛింగ్ వంశపు చక్రవర్తుల కాలంలో యూరపు నుంచి వచ్చిన నశ్యానికి పెకింగు దర్బారు అలవాటు పడింది. యూరపువాళ్ల డబ్బీలు అక్కడి తేమకు పనికిరాక, పొడిని మూత బిగువైన చిన్న బుడ్డీల్లో పోయడం మొదలైంది. పచ్చరాయి, పింగాణీ, గాజు, పగడం, ఏది దొరికితే దానితో బుడ్డీలు చేశారు. మన సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా విభాగానికి వెళ్లినవారు ఇలాంటివి చూడవచ్చు. బుడ్డి మూతి చాలా సన్నగా ఉంటుంది. అందుకని బిరడాకే ఒక సన్నని చెంచాను గుచ్చేశారు. అది వెదురుతోగాని, ఎముకతోగాని, దంతంతోగాని, లోహంతోగాని చేసి ఉంటుంది. బిరడా తీస్తే చెంచా దానితోపాటే బయటికి వస్తుంది. మంగోలియావారు ఇదే పద్ధతిని తీసుకుని, ఎదురుపడిన అతిథితో బుడ్డీలు మార్చుకోవడాన్ని పలకరింపుగా చేసుకున్నారు.

అయితే ఈ రెండు చెంచాలకూ పనిలో పెద్ద తేడా ఉంది, చెక్కేవారు గమనించవలసినది ఇదే. చైనా చెంచా ముక్కు దాకా రాదు. దానితో పొడిని బొటనవేలి గోటి మీదనో, చిన్న పళ్లెంలోనో వేసుకుని, అక్కడి నుంచి పీలుస్తారు. కనుక దాని గుంట దాదాపు చదునుగా ఉంటుంది, అంచు ఎలా ఉన్నా ఫరవాలేదు, చెంచా వెడల్పు బుడ్డి మూతిలో దూరేంత ఉంటే చాలు. జులూ చెంచా నేరుగా ముక్కుపుటానికి ఆనుతుంది. కాబట్టి డర్బన్ వడ్రంగం గారు అంచు మీద పెట్టినంత శ్రద్ధ మిగతా భాగాల మీద పెట్టకపోయినా నష్టం లేదనుకుంటాను.

నా బుడ్డీల్లో చెంచాలు పోయినవాటికి నేను వెదురుతో చేసుకున్నాను. బాగా ముదిరిన వెదురు పైచెక్క తీసుకుని, ముందు ఒక పుల్లను బుడ్డిలోకి దించి లోతు కొలిచి, అడుగుకు తగలకుండా కొద్దిగా పొట్టిగా కత్తిరించాలి. చెంచా అడుగుకు తగిలితే బిరడా పూర్తిగా దిగదు, గాలి దూరి నశ్యం వాసన పోతుంది. ఆకుపచ్చ బెరడు వైపు వెన్నుగా ఉంచి, లోపలి వైపు గోరుతో గీకినంత పల్లం చేస్తే సరిపోతుంది. ఇంతకు మించి అందులో కష్టమేమీ లేదు.

ప్రశ్నించినవారి జవాబు: డర్బన్ వడ్రంగం

అందరికీ కృతజ్ఞతలు. భూతద్దంతో చూశాను, పొడవునా సన్నని నల్లగీతలు కనిపించాయి కనుక ఎముకేనని తేలింది. కొమ్ముపని గారు చెప్పినట్టు, పళ్ల మధ్య సందులు పైన సూదిగా ముగిశాయి, నెర్రె అక్కడి నుంచే వెళ్లింది. రెండో సందు పైన కూడా వెంట్రుకవాసి చీలిక మొదలైంది.

గోగోతో కూర్చుని మాట్లాడాను. పాతదాన్ని అతకవద్దన్నారు. విరిగిన ముక్కతో సహా తన తల్లి సామానుతోనే ఉంచుతారట. కొత్తదానికి కొట్టు నుంచి ఎముక తేవలసిన పని లేదని, వచ్చే కార్యానికి ఇంట్లో కోసే ఎద్దు కాలి ఎముకనే ఇస్తామని చెప్పారు. ఉడికించి శుభ్రం చేసే పని వాళ్ల పెరట్లోనే ఆమె మనవడు చేస్తానన్నాడు, సన్నసెగ సంగతి అతనికి వివరంగా చెప్పాను. ఈలోపు అడవి ఆలివ్ కర్రతో ఒకటి చెక్కి చేయి సాధన చేసుకుంటాను.

నాకు ఇంకా తేలనివి రెండున్నాయి. గుంట ఎంత వెడల్పు, ఎంత లోతు ఉండాలి, అంచు ఎలా దిద్దాలి? త్రికోణాల్లో నలుపు ఎలా నింపాలి? ఆ నలుపు ముక్కు దగ్గరికి వెళ్లే వస్తువు మీద ఉంటుంది కనుక రసాయన రంగులు వాడడానికి మనసొప్పడం లేదు. పాతదాని మీద త్రికోణాలు కాడ మధ్యలోనే ఆగిపోయాయి, గుంట దగ్గరికి రాలేదు. ఆ కొలతను అలాగే పాటించాలని గోగో కోరిక.

జవాబు 5: కొమ్ముపని విశాఖ

ఆమె ఇంటి పశువు ఎముకతోనే చేయడం కంటె మంచి మాట లేదు. వయసు మీరిన ఎద్దు అయితే ఎముక మరింత దట్టంగా ఉంటుంది, కోయడానికి చేయి నొప్పి పుడుతుంది గాని నునుపు బాగా దేలుతుంది.

గుంట వెడల్పు ఎనిమిది మిల్లీమీటర్లకు అటూ ఇటూ, లోతు రెండు మిల్లీమీటర్లు చాలు. పాత చెంచా మీ చేతిలోనే ఉంది కనుక దాని కొలతే ప్రమాణం. అంచు అరిగిందన్నారు గనుక లోతు మాత్రం మీరు చూసినదానికంటె ఒక వెంట్రుకవాసి ఎక్కువ ఉంచండి. గుంటను ఉలితో కొట్టి తవ్వకండి, ఎముక పెచ్చులుగా ఎగిరిపోతుంది. గుండ్రటి మొన ఉన్న గీకుడు కత్తితో పొడవునా గీకుతూ, మధ్యమధ్య కొంచెం తిప్పుతూ దించండి. తరవాత చిటికెనవేలికంటె సన్నని కర్ర కొసను గుండ్రంగా చేసి, దానికి తడి ఉప్పుకాగితం చుట్టి తిప్పితే లోపల గీతలన్నీ పోతాయి. గుంట అడుగు, గోడ కలిసేచోట మూల అనేది ఉండకూడదు, పొడి చేరేది అక్కడే.

అంచును బయటి నుంచీ లోపలి నుంచీ దిద్ది, మధ్యలో గుండ్రని వెన్ను మిగిలేలా చేయండి. పలచగా ఉంటే ముక్కులోని చర్మాన్ని గీరుతుంది, మందంగా ఉంటే పీల్చినప్పుడు పొడి అంచు వెనకే ఉండిపోతుంది. కుదిరిందో లేదో తెలుసుకోవడానికి నశ్యం పీల్చనక్కరలేదు. అంచును పెదవి మీద నెమ్మదిగా రాసి చూడండి, ఎక్కడ గరుకున్నా పెదవి చెప్పేస్తుంది. తరవాత బాగా జల్లించిన పొడి బియ్యప్పిండి ఒక గుంటెడు తీసుకుని చెంచాను వంచండి. పిండి మొత్తం ఒకేసారి జారి, గుంట శుభ్రంగా కనిపిస్తే మీ నునుపు సరిపోయినట్టు. తెల్లగా పొర మిగిలిందంటే మళ్లీ వెయ్యి అంకె కాగితం దగ్గరికి వెళ్లాలి.

నలుపు విషయంలో వరుస ముఖ్యం. ముందు కాడ మొత్తం మెరుగుపెట్టడం పూర్తి చేసి, ఆ తరవాతే త్రికోణాలు గీయండి. ముందే గీసి నింపితే మసి పక్కనున్న సన్నరంధ్రాల్లోకి కూడా పాకి, కాడ అంతా బూడిదరంగుకు తిరుగుతుంది. మెరుగుపెట్టిన ఎముక మీద సూదిమొన ఉలితో గీతలు లోతుగా, నిటారుగా దించండి. ఆముదం దీపం మీద రాగిరేకు పట్టి మసి సేకరించి, కరిగించిన తేనెమైనంలో కలిపి, గోరువెచ్చగా ఉండగానే గీతల్లో రుద్దండి. చల్లారాక పొడిగుడ్డతో తుడిస్తే మసి గీతల్లోనే నిలుస్తుంది. ఇందులో ఉన్నవి మసి, మైనం మాత్రమే. అయినా గుంటకు బొటనవేలి వెడల్పు దూరంలోకి త్రికోణాలు రానివ్వకండి. పాతదాని మీద అవి కాడ మధ్యలో ఆగిపోవడానికి కారణం ఇదే అయి ఉండవచ్చు.

గుంట లోపల మైనం గాని, నూనె గాని, వార్నిషు గాని ఏదీ పూయవద్దు. నూనె ఉంటే పొడి అంటుకుంటుంది. వార్నిషు ఉంటే, నశ్యంలోని బూడిద క్షారం గనుక, ఊపిరి తేమ కూడా తోడై కొన్నాళ్లకు అది పొరలుగా లేస్తుంది. మీ తరవాతి ప్రశ్న కొమ్ముతో చేయవచ్చా అని ఉంటుందేమోనని ముందే చెబుతున్నాను. కొమ్మును వేడిచేసి ఎలా కావాలంటే అలా వంచవచ్చు, ఎముకకు ఆ గుణం లేదు. కాని కొమ్ము మన గోళ్ల జాతి పదార్థం, గాఢమైన క్షారానికి మెత్తబడుతుంది. బూడిద కలిసిన నశ్యానికి ఎముకే మేలు.

వాడాక గుంటను పొడి నూలుగుడ్డతో తుడిస్తే చాలు. ఎప్పుడైనా తడిగుడ్డతో తుడవవలసి వస్తే, వెంటనే ఆరబెట్టి, ఆ రోజుకు జుట్టులో గుచ్చుకోవద్దని పెద్దావిడకు చెప్పండి. తడిసిన ఎముక పన్ను ఆరేదాకా బలహీనంగా ఉంటుంది.